గడప దగ్గర బూట్లు విప్పిన క్రిస్మస్ తాత

మా ఆయన రామకోటేశ్వరరావుగారికి ఒక ఊతపదం ఉంది. "ఏం కాదులే." మా ఉష పుట్టేటప్పుడు నేను నొప్పులు పడుతుంటే, ఆటో దొరక్క నడిరోడ్డు మీద నిలబడి కూడా ఆ మాటే అన్నారు. బుడమేరు వాగు పొంగి నీళ్ళు మా సందు మొదటికి వచ్చిన రోజున మెట్ల మీద కూర్చుని కాఫీ తాగుతూ ఆ మాటే అన్నారు. పప్పు మాడి ఇల్లంతా కంపు కొడుతుంటే, "ఏం కాదులే రత్నం, అడుగు కదపకుండా పైపైన వడ్డించు" అంటారు. మాడింది నా చేతిలో కాబట్టి అప్పుడు మాత్రం ఆ మాట నాకు కమ్మగా వినిపిస్తుంది. మిగతా అన్ని వేళలా ఒళ్ళు మండుతుంది.

ఆయనది ఉయ్యూరు పక్క పల్లె. చెరుకు పండించే ఇంట్లో పుట్టి, ఆ చెరుకునే తూకం వేసే గుమాస్తాగా పంచదార ఫ్యాక్టరీలో చేరి, అక్కడే రిటైరయ్యారు. ఉష చదువు కోసమని గుణదలలో ఇల్లు కట్టుకున్నాం గానీ ఆయన మాత్రం రోజూ బస్సులో ఉయ్యూరు వెళ్ళి వచ్చేవారు. ఆ బస్సులో ఎవరి పిల్లాడు ఏడ్చినా ఈయనగారి ఒళ్ళోకే చేరాలి. తల్లి వద్దంటున్నా వినరు. "ఇటివ్వమ్మా, కాసేపు నేనెత్తుకుంటా" అని లాక్కుంటారు. ఎన్నిసార్లు ప్యాంటు తడుపుకుని వచ్చారో, ఎన్నిసార్లు నేను గుమ్మంలోనే నిలబెట్టి చీవాట్లు పెట్టానో లెక్కలేదు. "పసివాళ్ళ ఏడుపు చూడలేనే" అనేవారు. నిజమే, చూడలేరు. ఎదుటి మనిషి కళ్ళలో నీళ్ళు కనబడితే చాలు, ఏది చెబితే అవి ఆగుతాయో అది చెప్పేస్తారు. అది నిజమా కాదా అన్నది తరవాతి సంగతి.

ఇలాంటి మనిషి క్రిస్మస్ తాత కాక ఇంకేమవుతారు చెప్పండి!

మా పక్కింటి జాన్ పాల్ టైలరు. డిసెంబరు వచ్చిందంటే అతనూ, వాళ్ళ చర్చి కుర్రాళ్ళూ చీకటి పడగానే డ్రమ్మూ గిటారూ పట్టుకుని, వెదురు గడకు కాగితం నక్షత్రం కట్టి, ఇంటింటికీ తిరుగుతూ పాటలు పాడతారు. రౌండ్స్ అంటారు దాన్ని. అందరికంటే ముందు ఎర్ర కోటూ, దూది గడ్డం, ఎర్రటి బుగ్గల ప్లాస్టిక్ ముఖం తగిలించుకుని క్రిస్మస్ తాత గెంతుతూ వస్తాడు. ఒక ఏడు ఆ వేషం కట్టే కుర్రాడికి పచ్చకామెర్లు వచ్చాయి. జాన్ పాల్ మా గేటు దగ్గర నిలబడి ఈయన్ని పైనుంచి కిందిదాకా ఓసారి చూశాడు.

"అన్నగారూ, మీరొస్తే మాకు దిండు కట్టే పని తప్పుద్దండీ."

"దిండెందుకయ్యా?"

"పొట్టకండీ."

ఈయనకి నవ్వాగలేదు. నేను లోపలి నుంచే కేకేశాను. "మార్గశిర లక్ష్మివారాలు నోచుకునే ఇల్లు ఇది! వీధిలో నలుగురూ ఏమనుకుంటారు?"

"పిల్లలకి చాక్లెట్లు పంచితే ఏమనుకుంటారే? ఏం కాదులే."

వెళ్ళారు. గుణదల సందులన్నీ తిరిగి, చెమటతో ముద్దయిపోయి వచ్చారు. ప్లాస్టిక్ ముఖం తీశాక ఆయన అసలు ముఖం చూశాను. మా పెళ్ళినాడు కూడా ఆ ముఖంలో అంత కళ లేదు, ఒట్టు. ఆ తరవాత ఏటా ఆయనే. వద్దని గోల పెట్టిన నేనే, వేషం కట్టి బయల్దేరే ముందు ఎర్రనీళ్ళు దిగదుడిచి పోసి గానీ గడప దాటనిచ్చేదాన్ని కాదు. క్రిస్మస్ తాతకి దిష్టి తీసినదాన్ని ఈ బెజవాడ మొత్తం మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను.

ఈ రౌండ్స్‌లో పెద్దవాళ్ళకి మాత్రమే తెలిసిన గుట్టు ఒకటుంది. తల్లిదండ్రులు తమ పిల్లల కోసం కొన్న బొమ్మో, రంగుల పెట్టెనో పొట్లం కట్టి, పేరు రాసి, ముందుగానే జాన్ పాల్ చేతికి ఇచ్చేస్తారు. ఆ ఇంటి ముందు పాట అయ్యాక క్రిస్మస్ తాత తన సంచీలోంచి ఆ పొట్లం తీసి సరిగ్గా ఆ పిల్లకే ఇస్తాడు. తాత మాట్లాడడు. హో హో అంటాడు, గెంతుతాడు, చెయ్యి కలుపుతాడు, అంతే. ఎక్కడో మంచుకొండల్లో ఉండే తాతకి మన పేరు ఎలా తెలిసిందా అని పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తారు. మాబోటి హిందువుల ఇళ్ళవాళ్ళు కూడా ఇస్తారు పొట్లాలు. గుణదలలో ఈ విషయంలో తేడాల్లేవు.

మా ఉషశ్రీకి మాత్రం ఇది మొదటి నుంచీ నచ్చలేదు. ఇంటర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది అది. మా ఇంట్లోనే ముందు వాటాలో అదీ, అల్లుడు పవన్‌కుమారూ ఉంటారు; వెనక వాటాలో మేం. దాని కూతురు రుచితకి మూడేళ్ళు నిండిన ఏడాది తండ్రీ కూతుళ్ళకి వాదన జరిగింది.

"నాన్నా, లేనివాణ్ణి ఉన్నాడని చెప్పి పిల్లని పెంచడం నాకిష్టం లేదు. రేపు నిజం తెలిశాక మనం చెప్పిన ఏ మాట నమ్ముద్ది అది?"

"అబద్ధం కాదే తల్లీ, ఆట. దాగుడుమూతలు ఆడేటప్పుడు తలుపు చాటున నీ గౌను కనబడుతున్నా ఇల్లంతా వెతికేవాణ్ణి కాదూ?"

"ఆటంటే ఆడేవాళ్ళిద్దరికీ అది ఆటని తెలియాలి నాన్నా."

కానీ ఆ సాయంత్రం క్రిస్మస్ తాత గేటు దగ్గరికి రాగానే రుచిత భయపడి వాళ్ళమ్మ కాళ్ళకి చుట్టుకుని, మళ్ళీ ఒక కన్ను బయటపెట్టి చూసి, చాక్లెట్ అందుకుని, ఒక్కసారిగా నవ్వింది చూడండీ, మా ఫిజిక్స్ లెక్చరరు కూడా కరిగిపోయింది. మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

అన్నిటికంటే ముచ్చటైన భాగం ఆ మర్నాడు ఉండేది. రౌండ్స్ సమయానికి తాతయ్య ఇంట్లో ఎందుకుండడో ఆ పిల్లకి మేం ఏదో ఒకటి చెప్పేవాళ్ళం. ఫ్యాక్టరీ వాళ్ళ మీటింగనో, మందులకెళ్ళారనో. పొద్దున్నే అది పరిగెత్తుకొచ్చి, "తాతయ్యా, నువ్వెప్పుడూ మిస్సయిపోతావేంటి? ఈసారి క్రిస్మస్ తాత ఎలా డ్యాన్స్ చేశాడో తెల్సా?" అని గెంతి చూపించేది. ఈయన మోకాళ్ళకి నేను రాసిన బామ్ వాసన గుప్పుమంటుండగా, కళ్ళు పెద్దవి చేసి, "అబ్బో! ఇంకా? ఇంకేం చేశాడు?" అని వినేవారు. నేను వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుకునేదాన్ని.

పోయిన ఏడాది నవంబరులో ఆ నవ్వులు ఆగిపోయాయి. ఉష కడుపులో గడ్డ ఉందన్నారు. క్రిస్మస్ వెళ్ళిన వారంలో ఆపరేషన్ పెట్టారు. తీసి పరీక్షకి పంపితే గానీ అది ఎలాంటి గడ్డో తెలియదని డాక్టరమ్మ నిదానంగా చెప్పింది. ఆవిడ అంత నిదానంగా చెప్పడమే నన్ను ఎక్కువ భయపెట్టింది. కొండ మీద మరియమ్మ తల్లికీ, ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మకీ ఇద్దరికీ మొక్కుకున్నాను.

ఇంట్లో మాత్రం అందరం నవ్వుముఖాలే. ఉష కాలేజీకి సెలవు పెట్టి, బుగ్గలు లోపలికి పోయి కూర్చుని, "చిన్న పుండమ్మా, డాక్టరు తీసేస్తే అయిపోద్ది" అని కూతురికి చెప్పింది. లేనివాణ్ణి ఉన్నాడని చెప్పకూడదన్న మనిషి, ఉన్నదాన్ని లేదని చెప్పింది. నేనేమన్నా అంటానా? తల్లిని కదా, నేనూ ఉషతో, "ఈ రోజుల్లో ఇదొక ఆపరేషనేంటే" అన్నాను. అల్లుడు, "మా ఆఫీసులో ఇద్దరికి చేశారత్తయ్యా, వారంలో వచ్చేశారు" అన్నాడు. మా ఇంట్లో అబద్ధం ఆడని నోరు లేదు ఆ రోజుల్లో.

పిల్లలకి మనం చెప్పేది వినబడదు, మనం ఉండే తీరు వినబడుతుంది. రుచితకి ఏడో ఏడు. సాయంత్రమయ్యేసరికి మొహం చిన్నబుచ్చుకునేది, అన్నం ముద్ద బుగ్గన పెట్టుకుని నమిలేది కాదు. నేను చెప్పినా, వాళ్ళ నాన్న చెప్పినా దానికి నమ్మకం చిక్కలేదు. వెనక వాటాలోకి వచ్చి తాతయ్య పక్కన నిలబడి, "అమ్మకేం కాదు కదా?" అని అడిగేది. "ఏం కాదు తల్లీ" అనేవారు ఈయన. అంతే, వెళ్ళి బుద్ధిగా తిని పడుకునేది. ఆ ఒక్క మాట మీదే ఆ పిల్ల తింటోంది, ఆ మాట మీదే నిద్రపోతోంది. అది చూసి ఆపరేషన్ దాకా ఎలాగో నెట్టుకొస్తామనుకున్నాను.

డిసెంబరు మధ్యలో ఒక ఆదివారం మధ్యాహ్నం అది తాతయ్య కాళ్ళ దగ్గర కూర్చుని ఆయన కుడికాలి బొటనవేలికి గులాబీ రంగు గోళ్ళరంగు వేస్తోంది. ఈయన కాలు చాపి దర్జాగా వేయించుకుంటున్నారు. వేస్తూ వేస్తూ తలెత్తకుండానే అంది.

"తాతయ్యా, ఈసారి నాకు బొమ్మ వద్దు. అమ్మకి ఆపరేషన్ లేకుండా బాగు చేసెయ్యమని క్రిస్మస్ తాతని అడుగుతా. చేస్తాడా?"

వంటింట్లో నేను పొయ్యి కట్టేశాను. ఇప్పుడైనా చెబుతారేమో, బొమ్మలు వేరు తల్లీ, ఇది వేరు అని చెబుతారేమో అని చెవులు రిక్కించాను. ఏం చెప్పారనుకున్నారు మా మహానుభావుడు!

"అడుగు తల్లీ. నువ్వడిగితే కాదంటాడా?"

పిల్ల వెళ్ళాక దులిపేశాను. "ఏవండీ, మీకు బుద్ధుందా? అది నిజంగా అడుగుద్ది. రేపు వాళ్ళమ్మని ఆసుపత్రికి తీసుకెళ్తుంటే ఏం చెబుతారు? తాతకి తీరుబడి లేదంటారా?"

"దాని కళ్ళు చూశావా రత్నం? ఆ కళ్ళు చూసి కాదని ఎలా అనను?"

"అనాలండీ. పెద్దవాళ్ళం ఉన్నది ఎందుకు మరి?"

ఆయన రంగు వేసిన బొటనవేలి వంక చూసుకున్నారు. కాసేపటికి, "ఏం కాదులే" అన్నారు గానీ, అది నాతో అన్నట్టు లేదు.

మా సందులోకి రౌండ్స్ వచ్చినది గురువారం. లక్ష్మివారం కదా, ఉషకి ఓపిక లేదని ముందు వాటా గడపకి కూడా నేనే పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, బియ్యప్పిండితో ముగ్గు తీర్చాను. చీకటి పడింది. డ్రమ్ము చప్పుడు దగ్గరైంది. ఉష హాల్లో దివాను మీద దిండుకి ఆనుకుని కూర్చుంది. రుచిత వరండాలో నిలబడి ఉంది. ఏటా గెంతే పిల్ల, ఆ రోజు ప్రార్థనకి నిలబడ్డట్టు చేతులు కట్టుకుని నిలబడింది.

జాన్ పాల్ వాళ్ళు పాట పాడారు. తాత గెంతాడు, కొంచెం తక్కువగానే. సంచీలోంచి పొట్లం తీసి ఇవ్వబోయాడు. రుచిత పొట్లం అందుకోలేదు. తాత చెయ్యి పట్టుకుంది.

"లోపలికి రా. మా అమ్మ దగ్గరికి రా. అమ్మకి కడుపులో బాలేదు, నువ్వు బాగు చెయ్యాలి" అని లాగింది.

ఎప్పుడూ ఇంటి లోపలికి వెళ్ళే పని ఉండదు క్రిస్మస్ తాతకి. వాకిట్లోనే అంతా అయిపోతుంది. జాన్ పాల్ ఏమీ తోచక నా వంక చూశాడు. పిల్ల లాగుతోంది, తాత వెనకాలే నడుస్తున్నాడు. గడప దాకా వచ్చాడు. పసుపు గడప, పిండి ముగ్గు.

ఏం చెప్పమంటారు! పుట్టి బుద్ధెరిగాక ఆ మనిషి చెప్పులతో గడప దాటలేదు. ఊళ్ళో వాళ్ళమ్మగారి పెంపకం అలాంటిది, పొలం నుంచి వచ్చినవాడు కాళ్ళు కడుక్కోకుండా లోపలికి వస్తే ముద్ద పెట్టేది కాదావిడ. ముఖం మీద ముఖం తగిలించుకున్నా అలవాటు ఎక్కడికి పోతుంది? క్రిస్మస్ తాత గడప ముందు ఆగి, వంగి, నల్లటి రబ్బరు బూట్లు రెండూ విప్పి పక్కన పెట్టాడు. అంతటితో ఆగాడా? వరండా మూలనున్న పంపు దగ్గరికి వెళ్ళి, ఎర్ర ప్యాంటు మడిచి, శుభ్రంగా మడమలు రుద్దుకుని మరీ కాళ్ళు కడుక్కున్నాడు. డ్రమ్ము కొట్టే కుర్రాడు కిసుక్కుమన్నాడు. నాకూ నవ్వొచ్చేదేమో. కానీ అప్పటికే రుచిత ఆ పాదాల వంక చూస్తోంది.

తడి పాదం. కుడి బొటనవేలికి గులాబీ రంగు.

అది పాదం వంక చూసింది, ముఖం వంక చూసింది, మళ్ళీ పాదం వంక చూసింది. అరవలేదు, ఏడవలేదు. పట్టుకున్న చెయ్యి వదిలేసింది. తాత చేతిలోని పొట్లం తీసుకుని, "థాంక్యూ" అని, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ ప్లాస్టిక్ ముఖం మాత్రం నవ్వుతూనే నిలబడింది. దాని వెనక మా ఆయన ఎలా ఉన్నారో నాకు తెలుసు. పరుగున వెళ్ళి పట్టుకోవాలనిపించింది.

ఆ మర్నాడు రుచిత పరిగెత్తుకు రాలేదు. డ్యాన్స్ ఎలా చేశాడో చెప్పలేదు. సాయంత్రం వెనక వాటాకి వచ్చి అడగాల్సిన మాట కూడా అడగలేదు. అన్నం కంచం ముందు కూర్చుని నా మొహంలోకి చూసి, "అమ్మమ్మా, నీక్కూడా తెల్సా?" అంది. "ఏం తెలుసే?" అన్నాను వెర్రిదానిలా. అది కంచం పక్కకి జరిపేసింది. ఆ రెండు రోజులూ పిల్ల సరిగ్గా తినలేదు. నిద్దట్లో ఉలిక్కిపడి లేచి వాళ్ళమ్మ ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తోందని ఉష చెప్పింది. చెప్పి, "నేనప్పుడే చెప్పలేదూ నాన్నా" అని తండ్రిని దెప్పుతుందేమో అనుకున్నాను. దెప్పలేదు. గోడవైపు తిరిగి పడుకుంది. అదే ఎక్కువ బాధగా తోచింది నాకు.

ఈయన సంగతి చెప్పక్కర్లేదు. కాఫీ చల్లారిపోతోంది, పేపరు మడత విప్పడం లేదు. చివరికి నేనే అన్నాను. "ఏవండీ, వెళ్ళి చెప్పేయండి. దానికి నిజం ఎలాగూ తెలిసిపోయింది. ఇప్పుడు మీ నోట వినాలని చూస్తోంది."

"చెబితే రెండో ప్రశ్న అడుగుద్ది రత్నం."

"అడగనీయండి."

"దానికేం చెప్పను?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన నన్ను అలా అడగడం అదే మొదలు. ఆయనకి జవాబు ఎప్పుడూ తయారుగా ఉండేది, రెండు మాటల్లో. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీకు ఎంత తెలుసో అంతే చెప్పండి" అన్నాను.

రుచిత డాబా మీద నీళ్ళ ట్యాంకు నీడలో ఒక్కతే కూర్చుని ఉంది. ఈయన మోకాళ్ళు పట్టుకుని మెట్లెక్కి వెళ్ళి దాని పక్కన కూలబడ్డారు. నేను ఆరేసిన దుప్పట్ల ఇవతల నిలబడ్డాను. దొంగతనంగా వినడమే, ఏం చేయను, నా ప్రాణాలు అక్కడే ఉన్నాయి.

ముందు అదే అడిగింది.

"క్రిస్మస్ తాత నువ్వేనా?"

"నేనేనమ్మా."

"ఎప్పుడూ నువ్వేనా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ నేనే."

"మరి నేను డ్యాన్స్ చేసి చూపిస్తే తెలీనట్టు విన్నావ్."

"నువ్వు చెబుతుంటే బాగుండేది తల్లీ. నేను చేసినదానికంటే నువ్వు చేసిందే బాగుండేది."

రుచిత దానికి నవ్వలేదు. మోకాళ్ళ మీద గడ్డం ఆనించి నేల మీద వేలితో గీస్తోంది. గీస్తూ గీస్తూ అడిగేసింది, ఆయన భయపడ్డ రెండో ప్రశ్న.

"మరి అమ్మకేం కాదన్నావ్. అది కూడా అలాంటిదేనా?"

దుప్పటి అంచు నా గుప్పిట్లో నలిగిపోయింది. ఈయన నోరు తెరిచారు. ఆ రెండు మాటలూ నాలిక చివరిదాకా వచ్చాయని నాకు తెలుసు. ఆయన్ని నేను ఎరగనా? అనేస్తే ఒక్క క్షణంలో అయిపోతుంది. కానీ పిల్ల ఈసారి తలెత్తి ఆయన కళ్ళలోకి చూస్తోంది.

"అది నాకు తెలిసి చెప్పిన మాట కాదమ్మా" అన్నారు. "అమ్మ కడుపులో గడ్డ ఉంది. పుండు కాదు, గడ్డ. డాక్టరమ్మ దాన్ని కోసి తీసేస్తుంది. తీసేస్తే చాలామందికి బాగైపోద్దట. అమ్మకీ బాగవ్వాలని నేను రోజూ దణ్ణం పెట్టుకుంటున్నా. బాగవుద్దనే అనుకుంటున్నా. కానీ ఖాయంగా తెలీదు. నాకే కాదు, ఎవరికీ తెలీదు."

"మరెందుకు చెప్పావ్?"

"భయమేసి."

"నీకు భయమా?"

"చాలా భయం తల్లీ. నీకంటే ఎక్కువ. అది నా కూతురు కదే."

అనేసి ఆయన ఏడ్చారు. ఎవరి పిల్లాడి ఏడుపూ చూడలేని మనిషి, ఆ పిల్ల ముందు చిన్నపిల్లాడిలా ఏడ్చారు. రుచిత కాసేపు బిత్తరపోయి చూసింది. తరవాత దగ్గరగా జరిగి ఆయన చెయ్యి తీసి తన మెడ చుట్టూ వేసుకుంది.

"నేను అడిగా కదా, అమ్మని బాగు చెయ్యమని. విన్నావా?"

"విన్నానమ్మా."

"నువ్వు చెయ్యలేవు కదా."

"చెయ్యలేను తల్లీ. దగ్గరుంటాను, అంతే."

అది ఆలోచించింది. "అయితే నేను కూడా వస్తా ఆసుపత్రికి. నన్ను స్కూలుకి పంపించి మీరెళ్ళిపోవద్దు" అంది. సరేనన్నారు. ఆ సాయంత్రం అది రెండు ముద్దలు ఎక్కువే తింది. మాయ మాటేదీ చెప్పలేదు కదా, మరెందుకు తిందో నాకిప్పటికీ వింతే.

పిల్లలకి క్రిస్మస్ తాత ఉన్నాడని చెప్పాలా వద్దా అని ఇప్పుడు మా సందులో ఎవరన్నా వాదించుకుంటుంటే నన్ను తీర్పు చెప్పమంటారు. నాకేం తెలుసండీ? కథ చెప్పుకోండి, వేషం కట్టుకోండి, గెంతండి, నేనేం వద్దనను. పిల్ల కళ్ళలోకి చూసి నిలదీసిన రోజున మాత్రం మొహం చాటేయకండి. అంతకు మించి నా బుర్రకి అందదు.

ఆపరేషన్ సంగతి ముందే చెప్పేస్తాను, లేకపోతే మీరు కంగారు పడుతూ వింటారు. బాగానే జరిగింది. గడ్డ చెడ్డది కాదని తరవాత రిపోర్టు వచ్చింది. ఇప్పుడు మా ఉష మళ్ళీ కాలేజీకి వెళ్ళి పిల్లల్ని హడలగొడుతోంది. కానీ నేను చెప్పాలనుకున్నది అది కాదు. దానికి ముందు, ఇవేవీ తెలియని ఆ పొద్దున జరిగినది.

ఏలూరు రోడ్డులో ఆసుపత్రి. ఉషకి ఆకుపచ్చ గౌను తొడిగి చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. అందరం చుట్టూ మూగాం. అల్లుడు జోకులేస్తున్నాడు. నేను దాని జుట్టు సర్దుతూ, సాయంత్రానికి చారన్నం పెడతానని ఏదో వాగుతున్నాను. ఉష మా అందరికీ ధైర్యం చెబుతోంది. "ఏంటమ్మా ఆ మొహం? అరగంట పని. మీరు వెళ్ళి టిఫిన్లు చేసి రండి" అంటోంది. నవంబరు నుంచీ అది ఒక్క కన్నీటి చుక్క రాల్చలేదు. నా కూతురు ఎంత గట్టిదో అని నేను నలుగురికీ చెప్పుకుంటున్నాను కూడా.

రుచిత తాతయ్య చెయ్యి వదిలి మంచం దగ్గరికి వెళ్ళింది. మునివేళ్ళ మీద లేచి వాళ్ళమ్మ చెవి దగ్గర అడిగింది. చెవిలో అడిగినా అందరికీ వినబడింది.

"అమ్మా, నీకు భయంగా ఉందా?"

"ఛ, లేదు బంగారం. భయమెందుకు?"

"నిజం చెప్పమ్మా. తాతయ్య నాకు నిజం చెప్పేశాడు."

ఉష తలతిప్పి వాళ్ళ నాన్న వంక చూసింది. ఆయన కళ్ళు తుడుచుకుంటూ తలూపారు. దాని పెదవి వణికింది. గట్టిగా బిగబట్టింది, ఆగలేదు.

"భయంగా ఉందే తల్లీ. చాలా భయంగా ఉంది."

"నాక్కూడా" అంది రుచిత, వాళ్ళమ్మ బుగ్గ తుడుస్తూ. "తాతయ్యక్కూడా. నాన్నా, నీకు?"

పవన్‌కుమార్ జోకులు ఆగిపోయాయి. అవునన్నట్టు తలూపి, గోడకి ఆనుకుని, చేత్తో మొహం కప్పుకున్నాడు. పిల్ల నా వైపు తిరిగింది. నాకేం భయమే అందామనుకున్నాను, అలవాటు కదా. దాని కళ్ళు చూశాక అనలేకపోయాను. "నాకూ భయమే అమ్మా, నిద్రపోయి ఎన్నాళ్ళయిందో" అన్నాను.

నర్సు వచ్చి టైమైందంది. మంచం కదిలింది. ఉష ఏడుస్తూనే నవ్వింది, కూతురి చెయ్యి చివరిదాకా వదల్లేదు. తలుపుల దగ్గర మా అందరి మొహాలూ ఒక్కొక్కటిగా చూసి అంది.

"అందరికీ భయమేనా? ఇన్నాళ్ళూ నేనొక్కదాన్నే అనుకుని చచ్చిపోయానమ్మా."